కారు కొనకండి, పార్టులు కొనండి

స్పోర్ట్స్ కారు మీద మోజు పడుతున్న, ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి కుర్రాళ్లకి ఒక విన్నపం. దయచేసి పూర్తి కారు కొనకండి. సెకండ్ హ్యాండ్‌దే అయినా తాళం తిప్పగానే స్టార్ట్ అయ్యేది, కాగితాలు సరిగ్గా ఉన్నది కొని ఇంటికి తెచ్చేస్తే ఏమవుతుంది? కారు వస్తుంది, అంతే. నాలుగు రోజులు వీధంతా చూస్తుంది, ఐదో రోజు ఎవరో ఒకరు పెళ్లికి అడుగుతారు. అదే పార్టులు పార్టులుగా కొని సొంతంగా కట్టుకున్నారనుకోండి, జీవితాంతం చాలినంత పని, సాయంత్రమైతే షెడ్డు ముందు నలుగురు మనుషులు, 'వాడు కారు కడుతున్నాడు' అనే పేరు. కారున్నవాళ్లు ఊరినిండా ఉన్నారు, కట్టేవాడు ఒక్కడే, ఆయన మా బావ.

బావ కారు ప్రస్తుతానికి ఒక పాత మారుతీ జెన్ బాడీ, ఒక మారుతీ ఎస్టీమ్ ఇంజను, ఏ బండివో ఎవరికీ తెలియని రెండు బకెట్ సీట్లు. జెన్‌ది 993 సీసీ, ఎస్టీమ్‌ది 1298 సీసీ, రెండూ సుజుకీ జీ సిరీస్ ఇంజన్లే కాబట్టి అన్నదమ్ముల లెక్క, దాని చోట్లో ఇది కూర్చుంటుంది అని బావ సిద్ధాంతం. సిద్ధాంతంలో తప్పు లేదు, కారు ర్యాలీల కుర్రాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న పనే. కాకపోతే అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఇమడటం ఎంత కష్టమో ఆస్తి పంపకాలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంజను చెయిన్ పుల్లీకి వేలాడుతుంటే బావ కింద పడుకుని 'ఇంకో అంగుళం, ఇంకో అరంగుళం, ఆపాపు' అని అరుస్తాడు, పైనున్న కుర్రాడు ఆపేసరికి మౌంటింగ్ బోల్టుకీ బ్రాకెట్ కన్నానికీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు మిగిలింది. లేత్ దగ్గర కొత్త బ్రాకెట్ చేయించారు. బోల్టు పడింది. ఈసారి బానెట్ మూత పడలేదు. మూత పడకపోతేనే ఇంజనుకి గాలి బాగా తగులుతుందని బావ తేల్చేశాడు.

అసలు లాభం లెక్కల్లో ఉంది. ఒకేసారి రెండు లక్షలు పెట్టి కారు కొంటానంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అదే క్లచ్ ప్లేటు, ఆయిల్ సీలు, సైలెన్సరు అని వందల్లో అడిగితే అది ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. బరంపురంలో దొరకనిది విశాఖలో, అక్కడా దొరకనిది విజయవాడ ఆటోనగర్లో, అక్కడ కూడా లేదంటే చెన్నై పుదుపేట తుక్కు సందుల్లో. పార్టు ధర కంటే దారి ఖర్చులే ఎక్కువ గానీ అవి కారు లెక్కలో రాయకూడదు. విశాఖ వెళ్లిన ప్రతిసారీ బావ గేర్ బాక్సుతో పాటు సింహాచలం ప్రసాదం తెస్తాడు, ఇక ఆ ప్రయాణం ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? మా అక్క మొదట్లో 'ఏవండీ, ఈ ఇనప సామాను ఎప్పుడు తీస్తారు' అని అడిగేది. ఇప్పుడు బండి మీద చీర పరిచి వడియాలు పెడుతోంది. నల్ల రేకు కదా, ఒక్క ఎండకే పెళపెళలాడుతున్నాయి.

బావని చూసి నవ్వేవాళ్లకి నేను ఇంగ్లండు సంగతి చెబుతాను. అక్కడ 1957లో లోటస్ సెవెన్ అనే స్పోర్ట్స్ కారొచ్చింది. పూర్తి కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్, అంటే కొనుగోలు పన్ను కట్టాలి, విడిభాగాల కిట్ కొంటే అక్కర్లేదు, కాకపోతే ఎలా బిగించాలో రాసిన పుస్తకం దాంతో ఇవ్వకూడదు. అందుకని ఎలా విప్పాలో రాసిచ్చేవారట, కొన్నవాడు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకోవాలి. 1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయిందనుకోండి. మన దగ్గర మాత్రం ఏం తక్కువ? పూర్తి కారు దిగుమతి చేసుకుంటే సుంకం ఎక్కువని విదేశీ కంపెనీలు ముక్కలుగా తెచ్చి ఇక్కడ బిగిస్తాయి. వాళ్లు చేస్తే పరిశ్రమ, మా బావ చేస్తే పిచ్చి! పైగా విప్పడానికి బావకి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

కాగితాల సంగతంటారా, బాడీది ఏపీ 30 నంబరు, అంటే ఆంధ్రలోని శ్రీకాకుళం. ఇంజను ఒడిశాలోని గంజాంలో విప్పేసిన పాత ఓఆర్ 07 నంబరు బండిది. యజమాని ఉండేది ఒడిశాలోనే గజపతి జిల్లా, అక్కడి నంబరు ఓడీ 20. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు గీసిన గీత సరిగ్గా మా బావ బానెట్ కింద నుంచి పోతోంది. అటు ఆంధ్ర రవాణా ఆఫీసువాళ్లు ఇంజను మీది కాదు, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఎలా ఇస్తామంటారు, ఇటువాళ్లు ఎన్‌ఓసీ లేకుండా బండిని చూడనైనా చూడమంటారు. దానికి తోడు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చిన బండిని రిజిస్టర్ చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూపించి మరీ చెప్పింది. బావకి మాత్రం ఏ టెన్షనూ లేదు. రోడ్డెక్కని బండికి చలానెవడు రాస్తాడు? ఓవర్ స్పీడు లేదు, పొగ లేదు, రాంగ్ పార్కింగ్ అసలే లేదు. పెట్రోలు మా వైపు చౌకని పాతపట్నం వాళ్లు సరిహద్దు దాటొచ్చి ట్యాంకులు నింపుకుపోతుంటారు, బావ ఆ బంకు పక్కనే ఉండి కూడా ఒక్క చుక్క ముట్టుకోడు. ఇంతకన్నా దేశభక్తి ఏం కావాలి?

ఇవన్నీ పట్టించుకోకుండా గుణుపురంలో ఉండే మా పెదనాన్న కొడుకు 2003లో పరిమితంగా వచ్చిన మూడు డోర్ల జెన్ కార్బన్ ఒకటి పూర్తిగా, నడిచేదే కొన్నాడు. కొన్న నెలలోపే దారిలో మేక అడ్డొచ్చింది. మేక బతికింది, కుడి హెడ్‌లైటు పోయింది. నేరుగా బావ షెడ్డుకొచ్చాడు.

'ఏటి బావా, నీ బండి ఎలాగూ కదల్దు కదా, ఆ కుడి లైటు ఇచ్చీ. డబ్బులిచ్చెత్తాను.'

'రేపు రాత్రి నా బండి రోడ్డెక్కిందనుకో, ఒంటి లైటుతో ఎల్లమంటావేటి?'

గంట బతిమాలాక బావ మెత్తబడి ఇచ్చాడు, లైటు కాదు, పుదుపేట షాపువాడి నంబరు. ఎలాగూ చెన్నై వెళ్తున్నావు కదా అని తనకి కావలసిన సామాన్ల చీటీ కూడా చేతిలో పెట్టాడు.