ఝర్పట్ కూడా గోదావరే

నాన్న బొగ్గు గనిలో పనికి కరీంనగర్ వైపు నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చారు. నేను పుట్టి పెరిగిందంతా అక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మన తెలుగు సంఘం సభల్లో ఎవరైనా గోదావరి మాట ఎత్తితే నాకు ముందు గుర్తొచ్చేది మా ఊరి ఝర్పట్ వాగే.

ఆ ఊరు పుట్టిందే ఆ వాగు వల్ల అంటారు. గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షాకి ఒళ్ళంతా పుండ్లట. వేటకెళ్ళి దాహమేసి, ఎండిపోయిన ఝర్పట్‌లో ఓ గుంటలో నీళ్ళు తాగి మొహం కడుక్కున్నాడట. ఆ రాత్రే పుండ్లు తగ్గుముఖం పట్టాయి. వెతికితే రాతిలో ఆవు గిట్టల్లాంటి ఐదు గుంటలు, వాటిలో ఊరే నీళ్ళు కనిపించాయి. అక్కడే అచలేశ్వరుడి గుడి లేచింది, తర్వాత కోట.

కోట దర్వాజా మీద ఏనుగును అణగదొక్కిన సింహాన్ని చెక్కారు. సింహం ముందు ఏనుగు మేకపిల్లంత ఉంటుంది. చిన్నప్పుడు నానమ్మ చెయ్యి పట్టుకుని దాన్ని చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. ఆవిడ చైత్ర జాతరలో ఝర్పట్‌లో మునిగి, తడిబట్టలతోనే రాణీ హీరాయి కట్టించిన మహాకాళి గుడికి నడిచేది.

నిరుడు వెళ్ళాను. వాగంతా గుర్రపుడెక్క. ఊదారంగు పూలతో ఫొటోలో ఎంతో అందంగా ఉంది కానీ, నీళ్ళే కనబడలేదు. ఒడ్డున ఒకావిడ చెంబుతో దాన్ని పక్కకు తోసి తలమీద నీళ్ళు పోసుకుంటోంది. నాకు కడుపు తరుక్కుపోయింది.

యంత్రాలతో తీయిస్తూనే ఉంటారు, కొన్ని వారాల్లో మళ్ళీ కమ్ముకుంటుంది. ఊరి మురుగు కాలువలు దానికి ఎరువు పోస్తుంటే రాక ఏం చేస్తుంది? ఘాట్లకు రంగులు, లైట్లు తర్వాత. ముందు మురుగు శుద్ధి చేయకుండా వాగులోకి వదలకూడదు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ఝర్పట్ ఇరాయి నదిలో కలుస్తుంది, ఇరాయి వార్ధాలో. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితై కాళేశ్వరం దగ్గర గోదావరి చేరుతుంది. 2027 గోదావరి పుష్కరాలకు మనం వేసుకునే చందాలో కొంత ఈ వాగుకూ తీద్దాం. మహాకాళి గుడి రేవులో నెలకోసారి నీటి పరీక్ష చేయించి, ఫలితం మరాఠీలో, తెలుగులో, గోండిలో బోర్డు మీద రాయిద్దాం. వచ్చే చైత్ర పౌర్ణమికి ఆ బోర్డు అక్కడ ఉండాలి.