మందు కనిపెట్టడం ఒక ఎత్తు, రోగి దాకా చేర్చడం మరో ఎత్తు

1948లో బ్రిటన్‌కు చెందిన మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక ట్రయల్ ఫలితాలు బయటపెట్టింది. క్షయ ముదిరిన 107 మందిలో 55 మందికి కొత్తగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మిగతా 52 మందికి అప్పటిదాకా ఉన్న వైద్యమే, అంటే మంచం మీద పూర్తి విశ్రాంతి. ఆరు నెలలు తిరిగేసరికి మొదటి గుంపులో నలుగురు, రెండో గుంపులో 14 మంది చనిపోయారు. క్షయ వచ్చిందంటే డాక్టర్లు చేతులెత్తేసే రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. అయితే అదే రోగులను అయిదేళ్ల దాకా వదలకుండా గమనించారు. అప్పటికి మందు తీసుకున్నవాళ్లలో 32 మంది, తీసుకోనివాళ్లలో 35 మంది పోయారు. ఆరు నెలలప్పుడు కనిపించిన అంత తేడా చాలావరకు కరిగిపోయింది.

ఎందుకో ట్రయల్ నడుస్తుండగానే అర్థమైంది. ఒకే మందు ఇవ్వడం వల్ల, దాని దెబ్బకు చావకుండా మిగిలిన కొద్దిపాటి బ్యాక్టీరియా మళ్లీ పెరిగింది. ఈసారి దాని మీద స్ట్రెప్టోమైసిన్ పారలేదు. మందు మంచిదే, ఒంటరిగా వాడటమే కొంప ముంచింది. ఆ తర్వాత పాస్ అనే రెండో మందు, 1952లో ఐసోనియాజిడ్, ఇంకొన్నేళ్లకు రిఫాంపిసిన్ తోడయ్యాయి. మూడు నాలుగు మందులు కలిపి నెలల తరబడి ఇస్తే తప్ప క్షయ వదలదని తేలింది.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, అంటువ్యాధుల మీద మన చర్చ ఇంకా అక్కడే తిరుగుతోంది. ఏ ల్యాబ్‌లోనైనా కొత్త మందు దొరికిందంటే చాలు, జబ్బు పని అయిపోయినట్టే హెడ్‌లైన్లు వస్తాయి. మందు పరిశోధన ఒక శాఖ, వ్యాధి నియంత్రణ మరో శాఖ, ఎవరి బడ్జెట్ వాళ్లది, ఎవరి మీటింగులు వాళ్లవి. ఈ గోడ ఉన్నంతకాలం మంచి మందులు కూడా చేజారుతూనే ఉంటాయన్నది నా అభిప్రాయం.

టీబీనే తీసుకోండి. ఆరు నెలల కోర్సులో రెండు నెలలు గడిచేసరికి చాలామందికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లోకి సత్తువ వస్తుంది. రోజు కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి వెళ్లాల్సిన మనిషికి మిగతా నాలుగు నెలల మాత్రలు దండగలా కనిపిస్తాయి. అతన్ని నిర్లక్ష్యపరుడని తిట్టడం తేలిక. బాగున్నవాడి చేత నాలుగు నెలలు మందు మింగించాల్సి రావడం ఆ మందులోని లోపం అని ఎందుకు అనుకోకూడదు? మామూలు మందులకు లొంగని మొండి టీబీ విషయంలో ఇది మరీ దారుణం. మొన్నమొన్నటి దాకా ఏడాదిన్నర నుంచి రెండేళ్ల చికిత్స, అందులో నెలల తరబడి ఇంజెక్షన్లు. కొందరికి టీబీ తగ్గింది గానీ వినికిడి పోయింది.

ఆ పరిస్థితిని మార్చింది కొత్త మందులే. 2012 డిసెంబరులో అమెరికా బెడాక్విలిన్‌కు అనుమతి ఇచ్చింది. టీబీకి కొత్త తరహాలో పనిచేసే మందు రావడం సుమారు 40 ఏళ్లలో అదే మొదటిసారి. 2019లో ప్రెటోమానిడ్ వచ్చింది. ఈ రెండింటికీ మరో రెండు మందులు కలిపి ఆరు నెలల కోర్సుగా ఇవ్వవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అన్నీ మాత్రలే, సూది లేదు. ఇలాంటివి చూసినప్పుడు ప్రజారోగ్యానికి ల్యాబ్ ఎంత మేలు చేయగలదో తెలుస్తుంది. కానీ బెడాక్విలిన్‌కు లొంగని టీబీ ఇప్పటికే కనిపిస్తోంది. మందు చాలా దేశాలకు చేరింది, దానికి రోగి ఒంట్లోని క్రిమి లొంగుతుందో లేదో చెప్పే టెస్టు మాత్రం అదే వేగంతో చేరలేదు. స్ట్రెప్టోమైసిన్ నేర్పిన పాఠం పుస్తకాల్లో భద్రంగా ఉంది, అమలులోనే వెనకబడింది.

దీనికి అవతలి వైపు ఒక వాదం ఉంది. మంచి నీళ్లు, మంచి తిండి, గాలి వచ్చే ఇళ్లు ఉంటే చాలు, మందుల గోల ఎందుకని. బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ రాకముందే క్షయ మరణాలు దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన మాట నిజం. తాగే నీటితో ఒంట్లోకి చేరే పురుగు వల్ల వచ్చే నారికురుపునూ ఉదాహరణగా చూపిస్తారు. 1986లో ఏటా దాదాపు 35 లక్షల మందికి వచ్చిన ఆ జబ్బు 2024లో 15 మందికి పరిమితమైంది. దానికి టీకా లేదు, మందు లేదు. తాగే నీటిని గుడ్డలో వడకట్టడం, పురుగు బయటికి వస్తున్న కాలిని చెరువులో పెట్టకుండా ఆపడం, చెరువు నీటిలో పురుగుమందు కలపడం, ప్రతి కేసునూ ఊరూరా వెతికి పట్టడం. ఇంతే.

ఈ విజయాన్ని తక్కువ చేయలేం. అయితే చివరి మెట్టు దగ్గర ఏం జరిగిందో కూడా చూడాలి. 2012 నుంచి ఆఫ్రికా దేశం చాద్‌లో కుక్కల్లో ఈ పురుగు పెద్ద ఎత్తున బయటపడుతోంది. ఒంట్లోకి వెళ్లిన పురుగు దాదాపు ఏడాది పాటు చడీచప్పుడు లేకుండా ఉంటుంది. ఆ ఏడాదిలో పట్టుకునే టెస్టు లేదు, చంపే మందు లేదు. మనిషికి నచ్చజెప్పి ఒప్పించవచ్చు, కుక్కను చెరువు దగ్గరికి వెళ్లొద్దని ఎలా ఒప్పిస్తాం? అందుకే కుక్కలను కట్టేసి ఉంచుతూ రోజులు నెట్టుకొస్తున్నారు. మందు అక్కర్లేదనే వాదానికి నారికురుపు సగం దూరమే తోడొస్తుంది.

మందు, నియంత్రణ రెండూ కలిస్తే ఏమవుతుందో, విడిపోతే ఏమవుతుందో అతినిద్ర వ్యాధిలో చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. మధ్య, పశ్చిమ ఆఫ్రికా పల్లెల్లో సెట్సీ ఈగ కుట్టడం వల్ల వచ్చే జబ్బు ఇది. మొదట జ్వరం, మెడ వెనక గ్రంథుల వాపు. నెలలు గడిచాక పరాన్నజీవి మెదడులోకి చేరుతుంది. మనిషి పగలు నిద్రలో జోగుతాడు, రాత్రి మేలుకుంటాడు, మాట తీరు మారుతుంది. వైద్యం అందకపోతే దాదాపు ప్రాణం పోయినట్టే.

వలస పాలన కాలంలో మొదలైన సంచార బృందాలు ఊరూరా తిరిగి అందరి మెడలూ తడిమి, రక్తం పరీక్షించి, రోగులను వెతికి పట్టేవి. 1960ల నాటికి ఖండం మొత్తం మీద ఏటా నమోదయ్యే కేసులు 5 వేల లోపుకు దిగాయి. జబ్బు పోయిందనుకున్నారు. బృందాలు తగ్గాయి, యుద్ధాలు వచ్చాయి, వెతకడం ఆగింది. 1998లో నమోదైన కేసులు దాదాపు 40 వేలు. లెక్కకు రానివి 3 లక్షల దాకా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వెతికేవాళ్లు లేనప్పుడు జబ్బు లేనట్టే కనిపిస్తుంది, అదే దీనిలోని మోసం.

ఇక చికిత్స. జబ్బు మెదడుకు చేరాక అప్పట్లో ఇచ్చేది మెలార్సొప్రాల్, ఆర్సెనిక్ కలిసిన మందు. 1949 నాటిది. రక్తనాళంలోకి ఎక్కిస్తుంటే నిప్పు పారుతున్నట్టు ఉంటుందని రోగులు చెప్పేవారు. వంద మందికి ఇస్తే సుమారు అయిదుగురు ఆ మందు వల్లే చనిపోయేవారు. 1990లో అంతకంటే ఎంతో మేలైన ఎఫ్లార్నిథైన్‌కు అనుమతి వచ్చింది, కానీ దాన్ని కొనే స్తోమత ఆ పల్లెలకు లేదు కాబట్టి కొన్నేళ్లకే తయారీ ఆగిపోయింది. తర్వాత అదే రసాయనం ఆడవాళ్ల ముఖం మీద వెంట్రుకలు తగ్గించే క్రీముగా సంపన్న దేశాల మార్కెట్లోకి వచ్చింది. మెద్‌సాన్ సాన్ ఫ్రాంటియర్ (సరిహద్దులు లేని వైద్యులు) లాంటి సంస్థలు ఒత్తిడి చేశాక, 2001లో రోగుల కోసం మళ్లీ తయారీకి ఒప్పందం కుదిరింది. ఎవరూ ఎవరినీ చంపాలనుకోలేదు, లాభనష్టాల లెక్క అలా తేలిందంతే.

ఆ మందు వచ్చినా పల్లెలో వాడటం ఎంత కష్టమో ఊహించండి. ఒంటరిగా ఇస్తే 14 రోజుల్లో 56 సార్లు సెలైన్‌లో ఎక్కించాలి. 2009 నుంచి ఇంకో మాత్రతో కలిపి ఇవ్వడం మొదలయ్యాక 14 సార్లకు తగ్గింది. అయినా సెలైన్ సీసాలు, నర్సులు, పడక ఉన్న ఆస్పత్రి కావాలి. జబ్బు ఏ దశలో ఉందో తేల్చడానికి వెన్నులోంచి నీరు తీయాలి. ఆ సూది పేరు వింటేనే జనం టెస్టుకు రాకుండా జారుకునేవారు. అంటే మందు తీరు చూసి రోగులు దాక్కున్నారు, రోగులు దాక్కోవడంతో నియంత్రణ కుంటుపడింది.

దీన్ని మలుపు తిప్పింది ఫెక్సినిడజోల్. 1980లలో ఒక కంపెనీ మధ్యలో వదిలేసిన ఈ పదార్థాన్ని, నిర్లక్ష్యానికి గురైన జబ్బుల కోసం 2003లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ డీఎన్‌డీఐ 2005లో వెతికి పట్టుకుంది. 2018లో యూరప్ ఔషధ సంస్థ సానుకూలంగా స్పందించింది. అన్నం తిన్నాక పది రోజులు మాత్రలు మింగితే చాలు. చాలామంది రోగులకు వెన్ను సూది అవసరం తప్పింది. ఈలోగా క్షేత్రంలో మరో పని సాగుతూనే ఉంది. సెట్సీ ఈగకు నీలం రంగు అంటే ఇష్టం. పురుగుమందు పట్టించిన చిన్న నీలం గుడ్డలను నదుల ఒడ్డున పాతితే, ఈగలు వచ్చి వాలి చస్తాయి. మోటారు సైకిళ్ల మీద తిరిగే చిన్న బృందాలు వేలిమొన నుంచి తీసిన రక్తంతో అక్కడికక్కడే పరీక్షలు చేస్తున్నాయి. 2018 నుంచి ఏటా నమోదవుతున్న కేసులు వెయ్యి లోపే. ఇందులో మాత్ర వాటా ఎంత, నీలం గుడ్డ వాటా ఎంత అని విడదీయడం కుదరని పని. ఇప్పుడు ఒకేసారి వేసుకుంటే సరిపోయే అకోజిబొరోల్ కూడా ట్రయల్స్‌లో మంచి ఫలితాలు ఇచ్చింది.

ఐవర్‌మెక్టిన్ పంపిణీలోనూ ఇదే తెలివి ఉంది. చూపు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్‌కు మెర్క్ కంపెనీ 1987 నుంచి ఈ మందును ఉచితంగా ఇస్తోంది. తూకం యంత్రం లేని ఊళ్లో డోసు ఎలా తేల్చాలి? గీతలు గీసిన ఒక కర్ర పక్కన మనిషిని నిలబెడతారు. తల ఏ గీత దాకా వస్తే అన్ని మాత్రలు. ఊరివాళ్లలోనే ఒకరు ఈ పని చేసేస్తారు. ఆ కర్రను నేను ఏ మాత్రం తక్కువ ఆవిష్కరణగా చూడను.

మలేరియాలో పోరు ఇంకా తేలలేదు. 2000 నుంచి 2015 దాకా ఆఫ్రికాలో తప్పిన 66 కోట్లకు పైగా కేసుల్లో 68 శాతం పురుగుమందు పట్టించిన దోమతెరల పుణ్యమేనని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మలేరియాకు ముఖ్యమైన మందు ఆర్టెమిసినిన్‌ను ఒంటరిగా అమ్మొద్దని 2006లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కంపెనీలను కోరింది. అయినా కంబోడియాలో మొదట, ఆ తర్వాత రువాండా, ఉగాండాలలో దానికి పాక్షికంగా లొంగని పరాన్నజీవి బయటపడింది. ఇంకో చిక్కు ఏమిటంటే, ఎరిత్రియా లాంటి చోట్ల రాపిడ్ టెస్టు గుర్తుపట్టే ప్రొటీన్‌నే పరాన్నజీవి వదిలించుకుంది. మందు నుంచే కాదు, మన నిఘా నుంచి కూడా అది తప్పించుకుంటోంది.

యాంటీబయాటిక్స్ దగ్గరికొస్తే సమస్య డబ్బులో ఉంది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. మొండి బ్యాక్టీరియా మీద పనిచేసే ప్లజోమైసిన్‌కు అమెరికా కంపెనీ అకేయోజెన్ 2018 జూన్‌లో అనుమతి తెచ్చుకుంది. 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. కొత్త యాంటీబయాటిక్‌ను డాక్టర్లు అత్యవసరానికి దాచిపెడతారు, దాచిపెట్టాలి కూడా. కానీ అమ్ముడుపోని సరుకుతో కంపెనీ ఎలా బతుకుతుంది? బ్రిటన్ 2022లో దీనికి ఒక దారి చూపింది. రెండు యాంటీబయాటిక్స్‌కు, ఎన్ని డోసులు వాడారన్నది చూడకుండా, ఒక్కోదానికి ఏటా కోటి పౌండ్ల దాకా చందాలా కట్టడం మొదలుపెట్టింది. అగ్నిమాపక సిబ్బందికి మంటలు లెక్కపెట్టి జీతమివ్వం కదా! మిగతా సంపన్న దేశాల్లో చాలావరకు ఈ విషయంలో నసుగుతూనే ఉన్నాయి.

కృత్రిమ మేధ ఇదంతా మార్చేస్తుందని ఆశపడేవాళ్లు ఉన్నారు. 2020లో ఎంఐటీ పరిశోధకులు దాని సాయంతో హాలిసిన్ అనే పదార్థంలోని యాంటీబయాటిక్ గుణాన్ని గుర్తించారు, మంచిదే. కానీ అకేయోజెన్ మునిగింది అణువు దొరక్క కాదు. ట్రయల్స్‌కు పట్టే ఏళ్లను, ఆ తర్వాత కొనేవాడు లేని స్థితిని కంప్యూటర్ తగ్గించలేదు.

2025లో అమెరికా విదేశీ సాయాన్ని భారీగా కోసేసింది, జూలై 1న ఆ సాయం అందించే సంస్థ యూఎస్‌ఎయిడ్ తలుపులు మూసేసింది. ఇలాంటి కోతల్లో ముందు పోయేది కేసులు వెతికేవాళ్ల జీతాలు, నమూనాలు ల్యాబ్‌కు చేర్చే ఖర్చులు. స్టాక్ గదిలో మందు లేకపోతే మర్నాటికల్లా గొడవ అవుతుంది, నిఘా ఆగితే కొన్నేళ్ల దాకా ఎవరికీ తెలియదు. అందుకే కొత్త మందు ట్రయల్‌కు నిధులిచ్చే ప్రభుత్వాలు, దాతలు దరఖాస్తులోనే మరికొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ మందుకు లొంగని క్రిములను పట్టే టెస్టు ఎప్పటికి సిద్ధమవుతుంది? ఆస్పత్రి లేని చోట ఎవరు, ఎలా ఇస్తారు? కేసులు పదో వంతుకు పడిపోయాక కూడా వెతికేవాళ్లకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది? జవాబు లేకపోతే ఆ ఖర్చు కూడా మందు ధరలో భాగమేనని లెక్కగట్టి, అందుకు సరిపడా డబ్బు మొదటి రోజే పక్కన పెట్టాలి.