కిన్నెర వెంట గిటార్ నడిచేదెప్పుడు?

ఈ మధ్య మహబూబ్‌నగర్‌లో ఓ కాలేజీ వేడుకకు వెళ్లాను. స్టేజీ మీద మన పిల్లలే కట్టుకున్న రాక్ బ్యాండు, పక్కన అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఓ కిన్నెర కళాకారుడు. ఆయన ఆ తీగ వాద్యం మెట్ల మీద వేళ్లు కదపగానే హాలంతా చెవులు రిక్కించింది. అర నిమిషం గడిచిందో లేదో డ్రమ్స్ అందుకున్నాయి. ఆ తర్వాత పాట అయిపోయేదాకా కిన్నెర వినపడలేదు. ఆయన మాత్రం వాయిస్తూనే ఉన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ పిల్లల ఉద్దేశాన్ని తప్పుపట్టను. ఇంగ్లండ్ రాక్ బ్యాండు బీటిల్స్ కూడా మొదట ఇలాగే చేశారు. 1965 డిసెంబరులో వచ్చిన 'రబ్బర్ సోల్' ఆల్బమ్‌లో, 'నార్వేజియన్ వుడ్' పాటకు బ్యాండులోని గిటారిస్టు జార్జ్ హారిసన్ సితార్ వాయించాడు. అప్పటికి ఆయన దాన్ని ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకోలేదు. వినడానికి బాగుంటుంది గానీ, అక్కడ సితార్ ఓ నగ లాంటిది. తీసేసినా పాట నిలబడుతుంది.

మరుసటి ఏడాది హారిసన్ పండిట్ రవిశంకర్ దగ్గర శిష్యుడిగా చేరాడు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీ ముగించాక బీటిల్స్ టూర్లు మానేశారు. ఆ తీరిక దొరికాకే ఆయన ఇండియా వచ్చి బొంబాయిలో, కశ్మీర్‌లో కలిపి దాదాపు ఆరు వారాలు నేర్చుకున్నాడు. సితార్ పట్టుకుని నేల మీద కూర్చోవడం దగ్గర్నుంచీ అన్నీ కొత్తే.

ఆ చదువు 1967లో 'వితిన్ యూ వితౌట్ యూ' పాటలో బయటపడింది. తబలా, తంబురా, దిల్‌రుబా (కమానుతో పలికించే తీగ వాద్యం) వాయించేవాళ్లను పిలిపించారు. మిగతా ముగ్గురు బీటిల్స్ అందులో అసలు వాయించనే లేదు. దిల్‌రుబా ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి జారినప్పుడల్లా, లండన్ వయొలిన్లు, చెల్లోలు దాని వెంటే జారేలా బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ స్వరాలు రాశాడు. ఆ వాద్యకారులకు అది అలవాటు లేని పని, కష్టపడాల్సి వచ్చింది. నా దృష్టిలో అసలు ప్రయోగం అదే. కొత్త వాద్యాన్ని తెచ్చి పాత పాటలో ఇరికించలేదు, తమ చెవినే దానికి తగ్గట్టు మార్చుకున్నారు.

ఇక మన కిన్నెర సంగతి. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటకు కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య గొంతు ఎత్తుగడ అయింది, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చాలామంది ఈ వాద్యం పేరు విన్నది అప్పుడే. మంచిదే. సినిమా పాటకు ఉండేదే నాలుగైదు నిమిషాలు, అంతకుమించి ఆశించలేం. బ్యాండుకు ఆ తొందర దేనికి?

కిన్నెర ఉన్నది కథ కోసం. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెప్పేటప్పుడు కళాకారుడు ఒకచోట ఉరుకుతాడు, ఒకచోట ఆగి మాట్లాడతాడు, మళ్లీ తీగ అందుకుంటాడు. బ్యాండు తాళం తప్పకుండా హెడ్‌ఫోన్‌లో టకటకమనే క్లిక్‌కు ఇది లొంగదు. కాబట్టి ఆ క్లిక్ ఆపేయాలి. ఆయన గొంతు ఏ శ్రుతిలో ఉంటే గిటార్ తీగలు ఆ శ్రుతికి సవరించుకోవాలి. ఆయన ఆగినచోట డ్రమ్స్ కూడా ఆగాలి. అది రావాలంటే కథ మొత్తం తెలిసి ఉండాలి.

సాయన్న కథ పూర్తిగా ఎప్పుడైనా విన్నారా అని ఆ పిల్లలను అడిగాను. లేదన్నారు. ఆ కళాకారుడి ఫోన్ నంబర్ ఉందట, ఊరు మాత్రం తెలియదట. హారిసన్ లండన్ నుంచి వచ్చాడు. వీళ్లు అచ్చంపేట బస్సు ఎక్కితే చాలు.