ఫ్యాక్టరీయే వాళ్ల పక్కకి వచ్చింది

లూసియానాలోని ‘క్యాన్సర్ యాలీ’ గురించి టెక్సస్‌లో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెడితే వచ్చిన మొదటి జవాబు: "అంత విషం పీలుస్తూ అక్కడే ఎందుకుండాలి, ఇల్లు అమ్మేసి వెళ్లిపోవచ్చు కదా!" దాని కింద వరసగా లైకులు. ఒళ్లు మండింది, అందుకే ఇంత పొడుగు పోస్ట్.

ఈ క్యాన్సర్ యాలీ అంటే బాటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా మిసిసిపీ నది వెంట దాదాపు 85 మైళ్లు, రెండు ఒడ్డులా పెట్రోకెమికల్ ప్లాంట్లే. ఒకప్పుడు ఇవి చెరకు తోటలు, నల్లజాతి బానిసలు చాకిరీ చేసిన భూములు. బానిసత్వం పోయాక ఆ కుటుంబాలే తోటల అంచున కాస్త జాగా సంపాదించుకుని ఊళ్లు కట్టుకున్నాయి. ప్లాంట్లు ఆ తర్వాతెప్పుడో, ఆ పెద్ద తోటల్ని గుత్తగా కొనుక్కుని వచ్చాయి. రిజర్వ్ అనే ఊరి దగ్గర డ్యూపాంట్ అనే కెమికల్ కంపెనీ నియోప్రీన్ తయారీ మొదలుపెట్టింది 1969లో, అదీ పాత బెల్ పాయింట్ తోట స్థలంలోనే. 2015లో ఆ ప్లాంటుని డెంకా అనే జపాన్ కంపెనీ కొంది. ఇంక ఎవరు ఎవరి పక్కకి వచ్చినట్టు?

నియోప్రీన్ అంటే మన లాప్‌టాప్ కవర్లకి వాడతారే, ఆ మెత్తటి రబ్బరు. అది తయారయ్యేటప్పుడు గాల్లో కలిసే క్లోరోప్రీన్ వల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ సంస్థ, 2010లోనే తేల్చింది. ఆ ప్లాంటుకి అరమైలు లోపు ఒక ప్రైమరీ స్కూలు, అందులో ఎక్కువమంది నల్లజాతి పిల్లలు. 2023లో డెంకా మీద ఈపీఏ కేసు వేసింది. 2025 మార్చిలో ట్రంప్ ప్రభుత్వం, డైవర్సిటీ కార్యక్రమాల రద్దులో భాగం అని చెప్పి ఆ కేసు వెనక్కి తీసుకుంది! పిల్లలు పీల్చే గాలికీ దానికీ ఏం సంబంధమో నాకైతే ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. అదే ఏడాది ఖర్చులు పెరిగాయి, గిరాకీ తగ్గింది అంటూ ప్లాంటు ఉత్పత్తి ఆపింది, స్కూలు కూడా మూసేశారు. అన్నేళ్లు ఆ గాలి పీల్చిన పిల్లల సంగతి ఎవరు చూస్తారు?

పోనీ జనమే సొంత డబ్బుతో మానిటర్లు పెట్టుకుని గాలి కొలుచుకుందామంటే, అలాంటి చవక మానిటర్ల లెక్కలు చూపించి కంపెనీల మీద ఆరోపణ చేయకూడదని 2024లో రాష్ట్రం చట్టమే తెచ్చింది. కొలవనివ్వరు, కేసు నడవనివ్వరు, ఇల్లు అమ్ముకోమంటారు. ఆ ఇల్లు ఎవరు కొంటారండీ, మీరు కొంటారా?

మనం ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగ్, ‘మంచి ఏరియా’ చూస్తాం. నేనూ చూస్తాను. కానీ ఆ ఏరియాలు వాటంతటవే మంచివి కాలేదు. 1930లలో ఇళ్ల లోన్లు చూసే ఫెడరల్ సంస్థ ఒకటి మ్యాపులు గీసి నల్లజాతివాళ్లుండే పేటలకి ఎర్రరంగు పూసింది, అక్కడ లోను పుట్టడమే గగనం. 200కి పైగా నగరాల్లో చేసిన అధ్యయనం ఒకటి 2022లో వచ్చింది, ఆ పేటల్లో గాలి ఇప్పటికీ ఎక్కువ కలుషితంగానే ఉంది. మన హ్యూస్టన్‌లో అయితే ప్రొఫెసర్ రాబర్ట్ బుల్లార్డ్ 1979లోనే లెక్క తీశారు: సిటీ సొంత చెత్త డంపులు ఐదుకి ఐదూ నల్లజాతి పేటల్లోనే.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై జనం పిట్టల్లా రాలిపడ్డ వీడియోలు ఇదే గ్రూపులో తిరిగాయి. అప్పుడు "అక్కడెందుకున్నారు" అని ఒక్కరూ అనలేదే?

హ్యూస్టన్ షిప్ ఛానల్ (ఓడలు తిరిగే కాలువ) పక్కన కొత్త ప్లాంట్ల పర్మిట్లకి ప్రజల అభిప్రాయాలు తీసుకుంటారు. గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదా, పర్వాలేదు, అయినా కామెంట్ రాయొచ్చు. గ్రూపులో రాసే ఆ రెండు లైన్లేవో అక్కడ రాయండి.