ఫ్లో మీటరులోకి నీరు ఏ దారిన వచ్చింది?

తీరప్రాంతంలోని ఒక పంపుహౌసులో, నేలలో కట్టిన చాంబరులో బిగించిన విద్యుదయస్కాంత ఫ్లో మీటరు (పైపులో నీటి ప్రవాహాన్ని కొలిచే పరికరం) రెండో వానాకాలానికే పాడైంది. కొత్తదాన్ని ఎలా బిగించాలన్న విషయంపై ఇంజనీరుకూ టెక్నీషియనుకూ జరిగిన వాదం ఇది.

ఇంజనీరు: పాత మీటరు ఐపీ 67 రకం; దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకె అది. ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకోవడమే దాని పరీక్ష. మన చాంబరులో వాన నీరు రెండు రోజులు నిలుస్తుంది కనుక తప్పు ఎంపికదే, వైరింగుది కాదు. ఈసారి ఇంకా ఎక్కువసేపు మునిగినా తట్టుకునే ఐపీ 68 తెప్పిస్తే సరిపోతుంది.

టెక్నీషియన్: ఆ పరీక్ష సరైన గ్లాండుతో (కేబులు లోపలికి వెళ్లే చోట దాన్ని బిగించి మూసే అమరిక), బిగిసిన మూతతో చేసేది సార్. నేను విప్పి చూసినప్పుడు మూత రబ్బరు రింగు చెక్కుచెదరలేదు. కానీ 8 మి.మీ. కేబులుకు 10 నుంచి 14 మి.మీ. కేబుళ్లకు సరిపడే గ్లాండు వేశారు, దాని రబ్బరు కేబులును పట్టుకోనే లేదు. వాడని రెండో రంధ్రానికి, రవాణాలో దుమ్ము పడకుండా పెట్టిన ప్లాస్టిక్ బిరడాయే ఇంకా ఉంది. ఐపీ 68 మీటరుకైనా ఇదే పని చేస్తే ఇదే గతి పడుతుంది.

ఇంజనీరు: అందుకే కదా సిలికాన్ పూయించాను?

టెక్నీషియన్: వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. టెర్మినళ్ల మీద పచ్చని చిలుము మీరూ చూశారు. పైగా పగటి వేడికి వ్యాకోచించి బయటికి పోయిన గాలి, రాత్రి చల్లబడగానే తేమతో సహా అదే సందులోంచి లోపలికి వస్తుంది.

ఇంజనీరు: సెన్సరు సిగ్నలును రీడింగుగా మార్చే ట్రాన్స్‌మిటరును చాంబరులో కాక పైన గోడకు బిగించాలని మీరు ముందే అన్నారు, ఆ సూచనలోనూ చిక్కుంది. సెన్సరులో నీటిని తాకే ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టే వోల్టేజి మిల్లీవోల్టుల్లో, ప్రవాహం మందగిస్తే మైక్రోవోల్టుల్లో ఉంటుంది. దాన్ని మోటారు కేబుళ్ల పక్కన ఇరవై మీటర్లు లాగితే రీడింగు నిలకడగా ఉండదు. మీటరు మీదే ట్రాన్స్‌మిటరు ఉంటే పైకి వెళ్లేది 4–20 మిల్లీఆంపియర్ల కరెంటు, అది అంత తేలిగ్గా చెదరదు.

టెక్నీషియన్: ఆ మాట కాదనలేను. కానీ ట్రాన్స్‌మిటరు కిందే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో మూత తెరుస్తారు, రింగు మీద ఒక్క ఇసుక రేణువు పడితే చాలు, నీటికి దారి దొరుకుతుంది. పైన బిగిస్తే సెన్సరు డబ్బాను జెల్ పోసి ఒక్కసారే మూసేయవచ్చు. సిగ్నల్ కేబులును అతుకు లేకుండా వేరే ఇనుప గొట్టంలో తెచ్చి, షీల్డును (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) తయారీదారు చెప్పిన కొననే ఎర్త్ చేద్దాం. పైపుకు లోపల రబ్బరు లైనింగు ఉంది కనుక నీటిని ఎర్త్‌కు కలిపే గ్రౌండింగ్ రింగులు కూడా వేయాలి.

ఇంజనీరు: జెల్ పోశాక తీగలు తారుమారయ్యాయని తెలిస్తే?

టెక్నీషియన్: ముందు సరఫరా ఆపి, బ్రేకరుకు తాళం వేసి, వోల్టేజి లేదని పరీక్షించాకే తీగలు బిగిస్తాను. ట్రాన్స్‌మిటరు కలపకముందే సెన్సరులోని కాయిలు ఇన్సులేషనును మెగ్గరుతో (ఇన్సులేషనును కొలిచే పరికరం) చూస్తాను. తర్వాత సరఫరా ఇచ్చి, పైపు నిండుగా ఉండగా ప్రవాహం ఆపి రీడింగు సున్నాకు వస్తోందా అని చూసి, మళ్లీ సరఫరా ఆపాకే జెల్ పోస్తాను.

ఇంజనీరు: అయితే ఇరవై మీటర్లు కాదు, చాంబరు పక్క గోడకే బిగించండి, అక్కడికి ఐదు మీటర్లు చాలు. ఎండకూ వానకూ పైన రేకు వేయించండి. గ్లాండు సైజు చెబితే ఇండెంటు రాస్తాను.

టెక్నీషియన్: కేబులు రానివ్వండి సార్. వెర్నియర్‌తో కొలిచాకే చెబుతాను.