శిక్షణ తర్వాత అందవలసిన తోడ్పాటు
ఉపాధ్యాయులకు ఒక్కరోజు కార్యశాల నిర్వహిస్తే బోధన మెరుగుపడుతుందని ఒక వ్యాసంలో చదివాను. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. కొత్త పద్ధతి గురించి వినడం వేరు, దానిని తన తరగతిలో ప్రయత్నించి, ఎక్కడ తడబడిందో తోటి ఉపాధ్యాయులతో చర్చించి, సరిదిద్దుకుని మళ్లీ బోధించడం వేరు. ఈ రెండో పనికి నెలల తరబడి తోడ్పాటు కావాలి. జపాన్ పాఠశాలల్లో ఉపాధ్యాయులు ఒక పాఠాన్ని కలిసి రూపొందించి, ఒకరు బోధిస్తుండగా మిగిలినవారు పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో గమనించి, తర్వాత చర్చించుకునే ‘పాఠ అధ్యయనం’ ఎంతో కాలంగా ఉంది. అక్కడ పరిశీలించేది పాఠాన్నే గానీ ఉపాధ్యాయుణ్ణి కాదు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. ఇక ప్రధానోపాధ్యాయుల శిక్షణ పరిపాలన నిబంధనలకే పరిమితం కాకూడదు. ఉపాధ్యాయులు ఒకరి తరగతిని మరొకరు చూసేందుకు వీలుగా టైమ్‌టేబుల్ సర్దడం, తీర్పు చెప్పకుండా సలహా ఇవ్వడం కూడా వారు నేర్చుకోవలసినవే.