నాలుగు వాక్యాల విమర్శ

ఒక సినిమా గురించి విమర్శకుడు రాసే 60, 70 మాటల చిన్న వ్యాఖ్యను పత్రికలు చాలాకాలంగా ఖాళీ జాగా నింపే సరుకుగానే చూస్తున్నాయి. పెద్ద సమీక్షకు చోటు చాలనప్పుడు చిన్నది వేయడం, ప్రకటన వస్తే ఆ చిన్నదాన్నీ ఎత్తివేయడం అలవాటైపోయింది. ఈ చిన్నచూపు తప్పని మేము భావిస్తున్నాము. పాత సినిమాలనూ కొత్త సినిమాలనూ పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని మంచిచెడ్డలను కొద్ది వాక్యాల్లో తేల్చి చెప్పే విమర్శ ప్రేక్షకుడికి మునుపెన్నడూ లేనంత అవసరమైంది. ఎందుకంటే, 1948లో తీసిన చిత్రమూ నిన్న విడుదలైన చిత్రమూ ఇప్పుడు ఒకే తెర మీద, ఒకే వరుసలో అతడి కంటపడుతున్నాయి. రెండింటి ముందూ అతడు వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ రాత్రి రెండు గంటలు దీనికి ఇవ్వవచ్చా?

అమెరికాలో సినీ విమర్శకుడు లెనార్డ్ మాల్టిన్ 1969లో తొలిసారి వెలువరించిన సినిమా మార్గదర్శి పుట్టింది ఈ ప్రశ్న కోసమే. టీవీలో ఏ పూట ఏ పాత సినిమా వస్తుందో తెలిసినా, అది చూడదగినదో కాదో చెప్పేవారు అరుదుగా ఉన్న రోజులవి. వేలాది సినిమాలకు నాలుగైదు పంక్తుల చొప్పున వ్యాఖ్యలు రాయించి, కూర్చి, ఏళ్ల తరబడి కొత్తవాటిని చేర్చుకుంటూ పోయిన ఆ గ్రంథం చివరి కూర్పు 2014లో వచ్చింది. సినిమా వివరాలన్నీ అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నప్పుడు లావుపాటి పుస్తకాన్ని కొనేవారు తగ్గిపోవడం సహజమే. అయితే ఆ పుస్తకంతోపాటు, ఒకే సంపాదకుడి కనుసన్నల్లో ఒకే కొలతకు నిలబెట్టి చూసిన వేల సినిమాల వరుస కూడా పోయింది. నటీనటుల పేర్లు, నిడివి, విడుదల తేదీ వెదికితే నిమిషంలో దొరుకుతాయి. ఆ వరుస మాత్రం దొరకదు.

చిన్న వ్యాఖ్య అంటే పెద్ద సమీక్షను కత్తిరించి మిగిల్చిన ముక్క కాదు. దాని నిర్మాణమే వేరు. కథ చెప్పడానికి అందులో చోటు లేదు, చెప్పకపోవడమే మేలు. ‘అద్భుతం’, ‘అమోఘం’, ‘తప్పక చూడవలసినది’ అన్న మాటలకైతే అసలే లేదు, ఎందుకంటే అవి ఏ సినిమాకైనా అతుకుతాయి. విత్తోరియో డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ను ‘మానవతా విలువలను చాటిన గొప్ప చిత్రం’ అని రాస్తే పాఠకుడికి తెలిసేదేమీ లేదు. పోయిన సైకిలును వెదికే దారిలో ఆ తండ్రి పక్కన నడుస్తున్న పిల్లవాడి ముఖాన్ని దర్శకుడు ఒక్కక్షణం కూడా మరచిపోలేదనీ, తండ్రి పరువు పోయేవేళ మనం చూసేది ఆ పిల్లవాడి కళ్లతోనే కాబట్టి ఆ దృశ్యం అంతగా తగులుతుందనీ రాస్తే, అదే స్థలంలో ఒక కారణం చెప్పినట్టవుతుంది. ఆ కారణంతో పాఠకుడు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. విభేదించడానికైనా అతడి చేతికి ఏదో అందాలి కదా.

ఆ అందవలసినదాన్ని నక్షత్రాలు అందించలేవు. న్యూయార్క్‌లోని డైలీ న్యూస్ పత్రిక 1928లో సినిమాలకు నక్షత్రాలు వేయడం మొదలుపెట్టిన నాటి నుంచి అవి సౌకర్యంగా ఉన్న మాట నిజమే. కానీ మూడు నక్షత్రాల హాస్యచిత్రమూ మూడు నక్షత్రాల యుద్ధచిత్రమూ ఏ విషయంలో సమానమో వాటిని వేసినవారు సైతం చెప్పలేరు. శాతాల లెక్క ఇంకా తికమకపెడుతుంది. విమర్శకుల సమీక్షలను పోగుచేసే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ చూపే శాతం సినిమా నాణ్యతకు వేసిన మార్కు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎందరు విమర్శకులు మొత్తం మీద మొగ్గు చూపారో తెలిపే లెక్క మాత్రమే. పదిమందీ ‘పరవాలేదు’ అన్న సినిమాకు 100 శాతం వస్తుంది. ఆరుగురు తమ జీవితంలో చూసిన అతి గొప్ప చిత్రమని రాసి, నలుగురు సహించలేకపోయిన సినిమాకు 60 శాతమే వస్తుంది. సాహసించి తీసిన చిత్రాలకు ఎక్కువగా ఎదురయ్యేది రెండో పరిస్థితే గనుక, ఆ లెక్కను నమ్ముకున్న ప్రేక్షకుడు వాటినే పోగొట్టుకుంటాడు.

పాత సినిమాల విషయంలో విమర్శకులు రెండు తప్పులు చేస్తుంటారు. వాటిలో ఒకటి భక్తి. పెద్దలు గొప్పదన్నారు కాబట్టి గొప్పదనడం విమర్శ కాదు. ఆ పెద్దలే మాటిమాటికీ మనసు మార్చుకున్నారు. బ్రిటన్‌లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకొకసారి, అన్నిటికంటే గొప్ప చిత్రాలేవో విమర్శకుల అభిప్రాయాలు సేకరిస్తోంది. మొదటి జాబితాలో తొలి పది స్థానాల్లో కనిపించని ‘సిటిజన్ కేన్’ 1962 నుంచి 2002 వరకు వరుసగా ఐదుసార్లు మొదట నిలిచింది. 2012లో ఆ స్థానం 1958 నాటి ‘వెర్టిగో’కు, 2022లో షాంటాల్ అకెర్మాన్ 1975లో తీసిన ‘జాన్ డీల్‌మాన్’కు దక్కింది. ఆ చిత్రాల్లో ఒక్క దృశ్యమూ మారలేదు. చూసేవారి తరం మారింది, వారికి అందుబాటులోకి వచ్చిన చిత్రాలు మారాయి, ఓటు వేసేవారి సంఖ్య పెరిగింది. కాబట్టి జాబితాను మంత్రంలా వల్లించేవాడికంటే, ‘సిటిజన్ కేన్‌లో ముందున్న మనిషీ దూరాన ఉన్న మనిషీ ఒకేసారి స్పష్టంగా కనిపించేలా తీసిన పద్ధతి ఇప్పటికీ కథకు బలమిస్తోంది, ఫలానా భాగంలో మాత్రం నాకు చలనం కలగలేదు’ అని తన కంటితో చూసింది రాసేవాడే ఆ చిత్రాన్ని గౌరవిస్తున్నవాడు.

రెండో తప్పు జాలి. ‘ఆ రోజులకు ఇది గొప్పే’ అన్న వాక్యం మాకు ఎంతమాత్రం నచ్చదు. అది మెచ్చుకున్నట్టే మెచ్చుకుని సినిమాను గదిలో పెట్టి తాళం వేస్తుంది. ఆ కాలపు పరిమితులను తెలుసుకోవాలి, కానీ తీర్పు ఇవాళ చూస్తున్నవాడికి పనికిరావాలి. ఇందులో కష్టమైన సందర్భాలున్నాయి. డి.డబ్ల్యు. గ్రిఫిత్ 1915లో తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ కూర్పులోనూ కథనంలోనూ తర్వాతివారికి దారి చూపింది. నల్లజాతివారిని క్రూరులుగా చిత్రించి, తెల్లజాతి ఆధిక్యం కోసం హింసకు దిగిన కు క్లక్స్ క్లాన్ ముఠాను వీరులుగా నిలబెట్టిందీ అదే చిత్రం. ఆ ముఠా అదే ఏడాది తిరిగి తలెత్తడానికి ప్రేరణ అయిందీ అదే. నాలుగు వాక్యాల్లో దీన్ని రాయవలసినవాడు శిల్పాన్ని పొగిడి చివర ‘అయితే’ అని ద్వేషాన్ని ఒక ఉపవాక్యంలోకి నెట్టకూడదు. ఆ శిల్పం ద్వేషానికే ఊడిగం చేసిందనీ, ఆ నేర్పు వల్లనే ద్వేషం అంత దూరం పాకిందనీ ఒకే వాక్యంలో చెప్పగలగాలి. చిన్న వ్యాఖ్య రాయడం పెద్ద సమీక్షకంటే కష్టమని మేము అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

చూసింది ఏ ప్రతి అన్నది కూడా రాయాలి. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 1927 నాటి ‘మెట్రోపొలిస్’ను విడుదలైన కొద్దికాలానికే కుదించారు. పోయిందనుకున్న భాగాల్లో చాలావరకు 2008లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో బయటపడిన ప్రతిలో దొరికాయి; వాటిని చేర్చిన చిత్రాన్ని 2010లో ప్రదర్శించారు. మధ్యలో ఎనభై ఏళ్లపాటు ఆ కథ అతుకులు అతుకులుగా ఉందని రాసినవారు తాము చూసిన ప్రతి గురించి నిజమే రాశారు. ‘బ్లేడ్ రన్నర్’ 1982లో విడుదలైనప్పుడు కథానాయకుడి గొంతుతో వ్యాఖ్యానం ఉంది, 1992 నాటి ప్రతిలో లేదు. 1957లో నలుపు తెలుపుల్లో వచ్చిన ‘మాయాబజార్’ 2010లో రంగుల్లో మళ్లీ విడుదలైంది. ఈ రెంటిలో ఏది చూశారో చెప్పకుండా మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం గురించి రాస్తే ఆ మాటకు విలువ ఉండదు.

కొత్త సినిమాకు ఉన్న ప్రమాదం తొందర. ఉదయం ఆట ముగియకముందే తీర్పు వెలువడాలన్న ఒత్తిడి విమర్శకుడి మీద ఉంది. ఆ ఒత్తిడిని మేము కాదనలేము, కానీ తర్వాత సరిదిద్దుకునే అవకాశం అతడికి ఉండాలంటున్నాము. 1967లో ‘బానీ అండ్ క్లైడ్’ వచ్చినప్పుడు అమెరికా వారపత్రిక న్యూస్‌వీక్ విమర్శకుడు జో మార్గెన్‌స్టెర్న్ దాన్ని తీవ్రంగా నిందించారు. తర్వాత మరోసారి చూసి, మరుసటి వారమే తన తీర్పు తప్పని అదే పత్రికలో రాశారు. ఆయన ప్రతిష్ఠ అందువల్ల తగ్గలేదు. పాత వ్యాఖ్యను చెరిపివేయకుండా, కింద తేదీ వేసి కొత్త వ్యాఖ్యను చేర్చే పద్ధతి ప్రతి పత్రికలోనూ ఉండాలని మేము కోరుతున్నాము. ఒకే చిత్రం గురించి ఒకే మనిషి ఇరవై ఏళ్ల తేడాతో రాసిన రెండు చిన్న వ్యాఖ్యలు చదివితే, ఆ చిత్రంలో ఏది నిలిచిందో ఏది వెలిసిపోయిందో పాఠకుడికి తేటగా కనిపిస్తుంది.

సినిమాలు మనం అనుకున్నంత గట్టివి కావు. 1912 నుంచి 1929 వరకు అమెరికాలో తీసిన దాదాపు 11,000 మూకీ కథాచిత్రాల్లో తొలి విడుదల రూపంలో మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. మన దేశపు తొలి టాకీ, 1931లో విడుదలైన ‘ఆలం ఆరా’కు ఒక్క ప్రతి కూడా దొరకలేదు. అందులో ఏడు పాటలున్నాయని తెలుసు. తెర మీది మనిషి మొదటిసారి నోరు విప్పి పాడినప్పుడు ఆ గొంతు ఎలా వినిపించిందో తెలుసుకోవాలంటే, ఆనాడు హాలులో కూర్చున్నవారు రాసి ఉంచిన కొద్ది మాటలే ఇప్పుడు మనకు దిక్కు.